పాత ఫోన్ అమ్మాలా? ముందు మీ చేతిలో ఎన్ని రోజులున్నాయో చూసుకోండి

పోయినేడు మా మేనత్త కొడుకు పరకాల నుంచి పొద్దున్నే బస్సెక్కి హనుమకొండ వచ్చాడు. కేయూలో (కాకతీయ యూనివర్సిటీ) పరీక్ష ఫీజుకు అదే ఆఖరి రోజు. చేతిలో ఉన్నది రెండేళ్ల కిందట పదహారు వేలకు కొన్న ఫోన్. చౌరస్తాలో కనిపించిన మొదటి దుకాణంలోకి వెళ్లి, "అన్నా, ఇయ్యాల్నే ఫీజు కట్టాలె, దీనికి ఎంతిస్తవ్?" అన్నాడు. దుకాణాయన ఫోన్ తిప్పి కూడా చూడలేదు. "నాలుగు వేలు" అన్నాడు. మావాడు తీసుకొని బయటపడ్డాడు. పది రోజుల తర్వాత నేను అటు వెళ్తే అదే ఫోన్, వెనక మూలన అదే గీతతో, ఎనిమిదిన్నర వేల చీటీ అంటించుకొని గాజు కౌంటర్లో కూర్చుంది.

దుకాణాయన్ని తిట్టి లాభం లేదు. ఆయనకు అద్దె ఉంది, కొన్న ఫోన్ నెల రోజులు అమ్ముడుపోకపోతే ఆ డబ్బు అక్కడే ఇరుక్కుపోతుంది. కానీ నాలుగుకు ఒక వెయ్యో పదిహేను వందలో ఎక్కువ రావాల్సింది. అది ఫీజు మాట ఎత్తినప్పుడే పోయింది. ఆ రోజు నుంచి చుట్టాల్లో ఎవరి ఫోన్ అమ్మాలన్నా ఆ పని నా నెత్తిన పడింది. ఇప్పటికి ఏడెనిమిది అమ్మి ఉంటాను. తొందరగా డబ్బు కావాల్సినప్పుడు ఒకలా, మంచి ధర కావాల్సినప్పుడు ఇంకోలా చేయాలి. రెండింటికీ ముందు చేసుకోవాల్సిన పనులు మాత్రం ఒకటే.

గడువు తేల్చుకోండి

డబ్బు ఎప్పటికి కావాలో తేలితే ఎక్కడ అమ్మాలో దానంతటదే తేలుతుంది. సాయంత్రానికే కావాలంటే దుకాణమే దిక్కు. రెండు మూడు రోజులు ఆగగలిగితే ఇంటికొచ్చి ఫోన్ తీసుకెళ్లే క్యాషిఫై లాంటి ఆన్‌లైన్ కంపెనీలను కూడా అడిగి చూడొచ్చు. రెండు వారాలు ఉంటే ఆ ఫోన్ వాడుకునే మనిషికే నేరుగా అమ్మండి, ఎక్కువ వచ్చేది అక్కడే. నా అనుభవంలో నేరుగా అమ్మితే 10,000 వచ్చే ఫోన్‌కు దుకాణంలో 6,000 నుంచి 7,000 మధ్య పలుకుతుంది. ఆ మూడు నాలుగు వేల కోసం రెండు వారాలు కాల్స్ ఎత్తడం, ఫొటోలు పంపడం, రాత్రి పదకొండుకు "లాస్ట్ ఎంత బ్రో" అని మెసేజ్ పెట్టేవాళ్లకు ఓపిగ్గా జవాబివ్వడం మీకు గిట్టుబాటేనా? మొత్తం కలిపి మూడు వేలు కూడా రాని ఫోన్‌కైతే ఆ తిప్పలు వద్దు, నేరుగా దుకాణానికే వెళ్లండి.

అసలు అమ్మాలా వద్దా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. కావాల్సింది నాలుగు వేలే అయి, వారంలో జీతం పడేదుంటే, చేబదులు అడగడానికి మొహమాటపడి ఫోన్ తెగనమ్ముకోవడం తెలివైన పని కాదు. మావాడు నన్ను అడిగి ఉంటే ఇచ్చేవాణ్నే.

ఒకవేళ ఆగితే, ధర పెరుగుతుందని మాత్రం ఆగకండి. పాత ఫోన్ ధర దిగడమే గానీ ఎక్కడం ఉండదు. దసరా ముందు ఆన్‌లైన్ సేల్స్ మొదలైతే కొత్త ఫోన్లే చౌకవుతాయి కాబట్టి పాతవాటి రేటు ఇంకా పడుతుంది. ఐఫోన్ కొత్త మోడల్ సాధారణంగా సెప్టెంబర్‌లో వస్తుంది, పాతది అమ్మదలిస్తే ఆగస్టులోనే అమ్మేయండి. కాలేజీలు తెరిచే రోజుల్లో నయీంనగర్, కేయూ, నిట్ చుట్టుపక్కల హాస్టళ్లలో సెకండ్ హ్యాండ్ ఫోన్ అడిగేవాళ్లు బాగానే ఉంటారు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్ముకొని వెళ్లే రోజుల్లో ఊళ్ల నుంచి వచ్చి అడిగేవాళ్లనూ చూశాను.

మీ ఫోన్ రేటు మీకే ముందు తెలియాలి

సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి పూర్తి మోడల్ పేరు, ర్యామ్, స్టోరేజ్ రాసుకోండి. ఒకే పేరుతో 4జీ ఒకటి, 5జీ ఒకటి ఉంటాయి, వాటి రేట్లలో చాలా తేడా. మన దేశంలో 5జీ 2022 అక్టోబర్‌లో మొదలైంది. ఇప్పుడు కొనేవాడు మొదట అడిగేది కూడా "5జీ యేనా?" అనే.

తర్వాత పాత ఫోన్లు కొనే ఆన్‌లైన్ కంపెనీల్లో రెండింటిలో మీ మోడల్ పెట్టి, అడిగిన వాటికి నిజాయితీగా జవాబులిచ్చి, వాళ్లు చూపే ధర రాసుకోండి. గీత ఉంటే ఉందనే చెప్పండి, ఇక్కడ అబద్ధం చెబితే మోసపోయేది మీరే. దుకాణానికి వెళ్లినప్పుడు మీకు అది కనీస ధర. తర్వాత ఓఎల్ఎక్స్‌లో అదే మోడల్‌కు వరంగల్, హైదరాబాద్‌లో ఎంత అడుగుతున్నారో చూడండి. అక్కడ కనిపించేది అమ్మేవాళ్ల ఆశ మాత్రమే, అందులోంచి ఓ పది పదిహేను శాతం తీసేస్తే వాస్తవానికి దగ్గరగా వస్తుంది. ఈ రెండు అంకెలు చేతిలో లేకుండా గడప దాటకండి. అర్జెంటుగా అమ్మేవాళ్లకు కూడా ఈ పనికి పట్టేది పావుగంటే.

కాగితాలు, డబ్బా, ఐఎంఈఐ

బిల్లు, డబ్బా ఉంటే ధర పెరుగుతుంది, నమ్మకం అంతకంటే పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో కొన్నదైతే బిల్లు ఇప్పటికీ ఆ యాప్‌లోని ఆర్డర్లలో దొరుకుతుంది, డౌన్‌లోడ్ చేసుకోండి. డబ్బా అటక మీద ఉంటుంది, దిగి రాదు, ఎక్కి తీయండి.

డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే పదిహేను అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్ వస్తుంది. రెండు సిమ్ముల ఫోన్‌కు రెండు ఉంటాయి. డబ్బా మీద, బిల్లు మీద ఉన్నవాటితో పోల్చండి. KYM అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి ఆ నంబర్ రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. 2023 మేలో కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్ తెచ్చినప్పటి నుంచి పోయిన ఫోన్‌ను ఎవరైనా బ్లాక్ చేయించుకోవచ్చు. మీరు కూడా ఎప్పుడో ఫోన్ పోయిందని బ్లాక్ చేయించి, మళ్లీ దొరికాక అన్‌బ్లాక్ చేయించడం మరచిపోయి ఉండొచ్చు. అలాంటి ఫోన్‌ను అమ్మితే కొన్నవాడు రెండో రోజే మీ ఇంటి ముందుంటాడు.

ఈఎంఐ మీద కొన్న ఫోన్ అయితే కిస్తులన్నీ తీరాలి, ఫైనాన్స్ వాళ్ల నుంచి ఎన్ఓసీ (బాకీ లేదనే పత్రం) తెచ్చుకోవాలి. చాలా ఫైనాన్స్ ఫోన్లలో కిస్తు ఆగితే లాక్ పడే యాప్ ఉంటుంది. అది తీసేయకుండా ఏ దుకాణంవాడూ ముట్టడు, ముట్టినా స్క్రాప్ రేటే.

తుడవండి, బాగు చేయించకండి

పౌచ్ తీసి, మెత్తటి గుడ్డ కొంచెం తడిపి ఫోన్ తుడవండి. స్పీకర్ జాలీలో, చార్జింగ్ పిన్ను దగ్గర పేరుకున్న దుమ్మును పొడి టూత్‌బ్రష్‌తో తీయండి. పగిలిన టెంపర్డ్ గ్లాస్ పీకేయండి. పైది పగిలి ఉంటే లోపలి డిస్‌ప్లే కూడా పోయిందనుకుంటారు.

డిస్‌ప్లే నిజంగానే పగిలి ఉంటే చాలామంది "మార్పించి అమ్ముదాం" అనుకుంటారు. వద్దు. మీరు బయట వేయించే లోకల్ కాంబోకు (కంపెనీది కాని డిస్‌ప్లే, టచ్ జతకు) పెట్టిన డబ్బు తిరిగి రాదు. పైగా "డిస్‌ప్లే మారింది" అని ధర ఇంకో మెట్టు దిగుతుంది. ఐఫోన్ 12 నుంచి అయితే ఏ భాగం మార్చారో సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది, దాచలేరు. పగిలింది పగిలినట్టే అమ్మండి, దుకాణంవాడికి ఆ పార్టు మీకన్నా చౌకగా దొరుకుతుంది. చార్జింగ్ పిన్ను వదులైతే మాత్రం బాగు చేయించండి. చార్జింగ్ ఎక్కని ఫోన్‌ను "బోర్డు పోయింది" అని డెడ్ రేటుకు అడుగుతారు.

డేటా: ఇక్కడ తొందర వద్దే వద్దు

ఫొటోలు, కాంటాక్టులు గూగుల్‌లోకి ఎక్కాయో లేదో ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరిచి కళ్లారా చూడండి. 'బ్యాకప్ కంప్లీట్' అన్న మాటను నమ్మకండి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీయే, అది నిండితే బ్యాకప్ మధ్యలో ఆగిపోతుంది. వాట్సాప్‌కు బ్యాకప్ వేరుగా కొట్టాలి.

ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్‌లు ఒక్కొక్కటి తెరిచి లాగౌట్ అవ్వండి. ఇక్కడ అర్జెంటుగా అమ్మేవాళ్లు మరచిపోయే సంగతి ఒకటుంది. యూపీఐ పని చేయాలంటే ఆ సిమ్ము ఉన్న ఫోన్ కావాలి. ఉన్న ఒక్క ఫోన్ అమ్మేసి, ఆ డబ్బు ఖాతాలో వేయించుకుంటే సాయంత్రం ఫీజు కట్టేదెలా? ఇంకొకరి ఫోన్‌లో మీ సిమ్ము వేసి కొత్తగా మొదలుపెట్టినా మొదటి రోజు పంపే మొత్తానికి పరిమితి ఉంటుంది. అలాంటప్పుడు నగదే అడగండి. లాగిన్ కోడ్ చూపించే ఓటీపీ యాప్‌లు వాడే ఉద్యోగులైతే వాటిని ముందే కొత్త ఫోన్‌కు మార్చుకోండి.

తర్వాత సిమ్ములు, మెమొరీ కార్డు తీయండి. ఈ-సిమ్ (ఫోన్ లోపలే ఉండే సిమ్ము) ఉంటే దాన్ని సెట్టింగ్స్‌లో తీసేయండి. స్క్రీన్ లాక్ తీసేసి, సెట్టింగ్స్‌లోని అకౌంట్స్‌లో గూగుల్ ఖాతాను తొలగించండి. సామ్‌సంగ్, షావోమీ ఫోన్లలో ఆ కంపెనీ ఖాతా వేరుగా ఉంటుంది, దాన్నీ తొలగించాలి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. ఈ వరుస తప్పి, బటన్లు నొక్కి రీసెట్ కొడితే ఫోన్ పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది, కొన్నవాడికి అది ఇటుక. ఐఫోన్‌లో సెట్టింగ్స్ పైన మీ పేరు నొక్కి సైనౌట్ అయితే పోయిన ఫోన్‌ను వెతికిపెట్టే 'ఫైండ్ మై' ఆగుతుంది, తర్వాత ఎరేజ్ చేయాలి. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు ఉంటుంది. రీసెట్‌తో దాని తాళం చెవి చెరిగిపోతుంది కాబట్టి "మళ్లీ బయటికి తీస్తారేమో" అనే టెన్షన్ అక్కర్లేదు. మెమొరీ కార్డు మాత్రం అలా కాదు, దాన్ని ఫోన్‌తో పాటు ఇవ్వకండి.

రీసెట్ అయ్యాక భాష ఎంచుకొని, మిగతావన్నీ స్కిప్ కొట్టి హోమ్ స్క్రీన్ దాకా తెచ్చి పెట్టండి. చూసేవాడు కెమెరా, స్పీకర్, టచ్ చెక్ చేసుకోవాలి కదా.

గంటలో డబ్బు కావాలంటే

కనీసం మూడు దుకాణాలు తిరగండి. హనుమకొండ చౌరస్తాలో అయినా, వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు అయినా పక్కపక్కనే దొరుకుతాయి, మూడింటికీ కలిపి గంట చాలు. పొద్దున్నే తలుపు తీస్తుండగా వెళ్లకండి. బోణీ కాకముందు గల్లాలోంచి డబ్బు తీయడానికి చాలామందికి మనసొప్పదు. పదకొండు, పన్నెండు మధ్య మంచి సమయం.

లోపలికి వెళ్లి "కొత్త ఫోన్ తీసుకున్నా, ఇది ఖాళీగా ఉంది, మంచి రేటు వస్తే ఇస్తా" అనండి. చిన్న అబద్ధమే, పాపం తగలదు. మీరు అంకె చెప్పకండి. "నువ్వెంతకు ఇస్తవ్ తమ్మీ?" అని ఆయన మూడుసార్లు అడుగుతాడు. "మీరు చూసి చెప్పండన్నా" అని మూడుసార్లూ అనండి. ఆ తర్వాత వంకలు మొదలవుతాయి. డిస్‌ప్లేలో షేడ్ ఉందంటాడు, బ్యాటరీ డౌనంటాడు, చివరికి "ఈ మోడల్ నడుస్తలేదు" అంటాడు. షేడ్ ఉందంటే తెల్లటి ఫొటో తెరిచి ఎక్కడో చూపించమనండి. బ్యాటరీ మాటకు, ఐఫోన్ అయితే బ్యాటరీ హెల్త్ శాతం మీరే చూపించండి. మోడల్ నడవడం లేదన్న దానికి జవాబు అక్కర్లేదు, నవ్వి ఊరుకోండి.

ఫోన్ కంటి ముందే ఉండాలి. "లోపల చెక్ చేసుకొస్తా" అంటే మీరూ లోపలికి వెళ్లండి. విప్పి చూస్తామంటే ఒప్పుకోకండి, రేటు కుదిరాక ఆయన ఫోన్ ఆయనిష్టం. మొదటి దుకాణంలో ఎంత చెప్పినా "సరే అన్నా, ఒకసారి ఇంట్లో అడిగొస్తా" అని బయటికి రండి. నా అనుభవంలో సగంసార్లు మెట్లు దిగేలోపే వెనక్కి పిలిచి ఓ మూడు నాలుగు వందలు పెంచుతారు. మూడో దుకాణం తర్వాత ఎక్కువ చెప్పినచోటికి వెళ్లి, మీరు రాసుకున్న ఆన్‌లైన్ ధర తెరిచి చూపించండి. దానికి సమానంగా ఇస్తే ఇచ్చేయండి. చేతిలో నగదు పడుతోంది కాబట్టి రెండు మూడు వందల తేడాకు పట్టుపట్టకండి.

ఆధార్ జిరాక్సు, బిల్లు అడిగే దుకాణం మంచి దుకాణం. మాస్క్‌డ్ ఆధార్ (నంబర్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించేది) ఇచ్చి, దాని మీద అడ్డంగా "ఫోన్ అమ్మకం కోసం మాత్రమే" అని తేదీతో రాయండి. ఏమీ అడగకుండా చటుక్కున డబ్బు తీసిచ్చేవాడి దగ్గర జాగ్రత్త. ఊళ్లలో బండి మీద తిరుగుతూ పాత ఫోన్లకు ప్లాస్టిక్ సామాన్లు ఇచ్చేవాళ్లకైతే అసలే వద్దు. 2024లో గోదావరిఖని దగ్గర పోలీసులు ఇలా ఊళ్లలో పోగేసిన దాదాపు నాలుగు వేల పాత ఫోన్లను పట్టుకున్నారు, అవి సైబర్ నేరగాళ్లకు చేరుతున్నాయని తేలింది. పని చేయని ఫోనే కదా అని బకెట్‌కు ఇచ్చేస్తే, దాని బోర్డు బాగై ఎవరి చేతిలోకి వెళ్తుందో మీకు తెలియదు.

హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు తీసుకెళ్తే ఎక్కువ వస్తుందా అని చాలామంది అడుగుతారు. వేరే పని మీద వెళ్తుంటే అడిగి చూడండి. ఒక్క మామూలు ఫోన్ కోసం కాజీపేటలో రైలెక్కితే ఖర్చులూ, పోయిన రోజూ కలిపి లెక్కలో మిగిలేదేమీ ఉండదు.

రెండు మూడు రోజులుంటే

ఆన్‌లైన్ కంపెనీ మనిషి ఇంటికొచ్చి చెక్ చేసినప్పుడు గీతకింత, మచ్చకింత అని తగ్గిస్తాడు. ముందే నిజం చెప్పి ఉంటే తగ్గేది తక్కువ. నచ్చకపోతే ఇవ్వనని చెప్పే హక్కు మీకుంది. కొత్త ఫోన్ కొంటూ ఎక్స్ఛేంజ్‌లో ఇస్తుంటే ఒకటే లెక్క చూడండి. పాతది ఇవ్వకుండా ఆ కొత్త ఫోన్ బయట దుకాణంలో ఎంతకు వస్తుంది? చాలాసార్లు ఎక్స్ఛేంజ్ బోనస్ అని చూపించేది ఆ తేడాలోనే కలిసిపోతుంది.

మంచి ధర కోసం నేరుగా అమ్మితే

మొదట వాట్సాప్ స్టేటస్ పెట్టండి. ఆఫీసు గ్రూపు, కాలనీ గ్రూపు, చదువుకున్న కాలేజీ గ్రూపు. తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లే కొంటే డబ్బు భయం ఉండదు. ధర కూడా దుకాణం కన్నా మేలు. ఒక్క చిక్కుంది, ఆరు నెలల తర్వాత ఫోన్ పాడైనా మీకే ఫోన్ చేస్తారు. లోపాలన్నీ ముందే మెసేజ్‌లో రాసి పంపడం దీనికి మందు.

ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టేటప్పుడు పగటి వెలుతురులో ఆరు ఫొటోలు తీయండి: ముందు, వెనక, అంచులు, గీత దగ్గరగా, 'అబౌట్ ఫోన్' పేజీ, డబ్బాతో కలిపి. ఐఎంఈఐ, బిల్లు మీది చిరునామా కనబడకుండా మూసేయండి. అమ్మదలచిన దాని మీద ఓ వెయ్యి కలిపి రాయండి, తగ్గించుకోవడం ఎలాగూ తప్పదు.

ఆ తర్వాత మోసగాళ్లు వస్తారు, కొనేవాళ్లకన్నా ముందే వస్తారు. "ఆర్మీలో ఉన్నాను, చూడనవసరం లేదు, ఇప్పుడే పంపిస్తా" అని ఓ క్యూఆర్ కోడ్ పంపుతారు. గుర్తుంచుకోండి, డబ్బు రావడానికి మీరు ఏ కోడూ స్కాన్ చేయక్కర్లేదు, ఏ పిన్నూ కొట్టక్కర్లేదు. ఇంకొందరు ఎదురుగా వచ్చి డబ్బు వేసినట్టు స్క్రీన్ చూపిస్తారు. అలాంటి స్క్రీన్లు సృష్టించే దొంగ యాప్‌లు ఉన్నాయి. మీ ఖాతాలో బ్యాలెన్స్ మీరు చూసుకున్నాకే ఫోన్ వదలండి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి.

ఇంకో ప్రమాదం గురించి తక్కువమందికి తెలుసు. కొన్నవాడు పంపింది ఎవరినో మోసం చేసి లాగిన డబ్బైతే, ఆ కేసులో మీ ఖాతా ఫ్రీజ్ కావచ్చు. బ్యాంకు చుట్టూ, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి. అందుకే అపరిచితుడైతే నగదు తీసుకోవడం మేలు, లేదా యూపీఐలో కనిపించే పేరూ అతని గుర్తింపు కార్డు మీది పేరూ ఒకటేనా చూసుకోండి. "మా ఫ్రెండ్ పంపుతాడు" అంటే వద్దనండి.

కలవడం పగటిపూట, జనం ఉన్నచోట. హనుమకొండ బస్టాండ్, కాజీపేట స్టేషన్ బయట, మీ బ్యాంకు బ్రాంచి లోపల. బ్యాంకులో అయితే నోట్లు అక్కడే లెక్కించి ఖాతాలో వేసుకోవచ్చు. ఇంటికి పిలవకండి. బయానా ఇచ్చి "రేపొస్తా" అంటే రెండు రోజుల గడువు పెట్టి తీసుకోండి, గడువు దాటితే తిరిగివ్వాలా వద్దా అన్నది అప్పుడే మాట్లాడుకోండి.

డబ్బు చేతిలో పడ్డాక ఒక తెల్లకాగితం మీద ఫోన్ మోడల్, రెండు ఐఎంఈఐలు, ధర, తేదీ, సమయం, ఇద్దరి పేర్లు, సంతకాలు రాసుకోండి. సమయం కూడా ఎందుకంటే, ఆ గంట తర్వాత ఆ ఫోన్‌తో ఏం జరిగినా మీకు సంబంధం లేదని చెప్పుకోవడానికి అదొక్కటే ఆధారం. అతని గుర్తింపు కార్డు ఫొటో తీసుకోండి. ఇంటికొచ్చి గూగుల్ ఖాతాలో 'యువర్ డివైజెస్' తెరిచి ఆ ఫోన్ పేరు కనిపిస్తే సైనౌట్ కొట్టండి. కాగితం ఫొటో, బిల్లు మీ మెయిల్‌కు పంపి పెట్టుకోండి. ఆ ఫొటోను అమ్మే ఫోన్‌తోనే తీసి, దాని గ్యాలరీలోనే ఉంచి ఫోన్ ఇచ్చేసి వచ్చిన మనిషి మా ఇంట్లో ఒకరున్నారు. పేరు చెబితే ఊరుకోరు.